కూలీ పెంచకుండా కొరత తీర్చుట ఎట్లు?

నిర్మాణరంగంలో మనుషుల కొరత చాలా విచిత్రమైన కొరత. ఇసుక దొరక్కపోతే ఇసుక ధర పెరుగుతుంది. సిమెంటు కంపెనీలు బస్తా మీద నాలుగు డబ్బులు వేస్తే బిల్డర్లు విసుక్కుంటారు, పత్రికా ప్రకటన ఇస్తారు, చివరికి కొంటారు. భూమి సంగతి చెప్పనక్కర్లేదు. 2023 ఆగస్టు వేలంలో కోకాపేటలో ఎకరం ₹100.75 కోట్లు పలికినప్పుడు భూములకు ఒళ్ళు బలిసిందని ఎవరూ అనలేదు. కొరత ఉన్న సరుకుకు ధర పెరుగుతుందన్న సూత్రం ఇనుముకు, కంకరకు, లిఫ్టుకు, ఆఖరికి వాస్తు సిద్ధాంతి సంభావనకు కూడా వర్తిస్తుంది. తాపీ మేస్త్రి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అర్థశాస్త్రం పక్కకు తప్పుకుని నీతిశాస్త్రానికి దారి ఇస్తుంది. అతను దొరకలేదంటే లోపం కూలీలో లేదు, అతని గుణంలో ఉందన్నమాట.

ఈ సిద్ధాంతానికి ఇటీవలి కాలంలో ప్రామాణికమైన ప్రవచనం 2025 ఫిబ్రవరిలో చెన్నైలో, పరిశ్రమల సమాఖ్య సీఐఐ సభలో వెలువడింది. ఎల్ అండ్ టీ అధిపతి ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ అక్కడ మాట్లాడుతూ, పనికోసం కూలీలు ఊరు కదలడానికి ఇష్టపడటం లేదని, ప్రభుత్వ పథకాలు, ఖాతాల్లో నేరుగా పడే డబ్బు, ఉపాధి హామీ ఇందుకు కారణం కావచ్చని అన్నారు. అదే సందర్భంలో ఇంకో లెక్క కూడా చెప్పారు. సంస్థకు ఒక సమయంలో 4 లక్షల మంది కావాలి. ఆ సంఖ్య నిలబెట్టుకోవడానికి ఏడాదికి 16 లక్షల మందిని చేర్చుకోవలసి వస్తోంది. ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చదివిన శ్రోతలు ఆ సభలో ఎందరున్నారో గానీ, కదలని మనుషులు ఇంత జోరుగా కదలడం ప్రపంచ చరిత్రలో అరుదు. ఒక్కో పని మీదికి ఏడాదిలో సగటున నలుగురు వచ్చి చూసి వెళ్ళిపోతుంటే, మొదట విచారించవలసింది వెళ్ళినవాళ్ళ స్వభావాన్నా, వెళ్ళేలా చేసిన పనినా?

ఉపాధి హామీ మీద పడ్డ నింద మరీ ముచ్చటైనది. 2025-26లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఆ పథకం రోజు కూలీ ₹307. ఒక కుటుంబానికి అప్పటి హామీ 100 రోజులు. వంద రోజులూ పని దొరికిందనే అనుకుంటే ఏడాదికి ₹30,700. మెట్రోలు, వంతెనలు, విమానాశ్రయాలు కట్టే పరిశ్రమ, చెరువులో పూడిక తీసే పథకంతో పోటీకి నిలవలేక ఓడిపోతోందని ఆ పరిశ్రమే బహిరంగంగా చెప్పుకోవడం గొప్ప వినయమే. దీన్ని పథకం మీద ఫిర్యాదుగా కాక పరిశ్రమ ఇచ్చే కూలీ మీద వాంగ్మూలంగా తీసుకుంటే చాలా సంగతులు తేలికగా అర్థమవుతాయి.

ఊరు కదలని కూలీ కోసం వెతికేవారికి పాలమూరు చరిత్ర ఏమాత్రం సాయపడదు. పాత మహబూబ్‌నగర్ జిల్లా జనం గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని, పెళ్ళాం పిల్లలతో లారీ ఎక్కి, ఆనకట్టలు కట్టే చోటుకూ కాలువలు తవ్వే చోటుకూ తరాల తరబడి వెళ్ళారు. నెలల పాటు చేతికి బత్తెం మాత్రమే అందేది. మిగతాది సీజను ఆఖరున లెక్క చూసేవారు. ఆ లెక్కలో అడ్వాన్సు, దాని మీద వడ్డీ, జ్వరం వచ్చి పడుకున్న రోజులు కోసేస్తే ఏం మిగిలేదో గుంపు మేస్త్రి పుస్తకానికే తెలుసు. ఇప్పుడు ఒడిశా, బీహార్, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, బెంగాల్ నుంచి హైదరాబాద్‌కు రైళ్ళు నిండి వస్తున్నాయి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి దుబాయ్, మస్కట్‌లకు విమానాలు నిండి పోతున్నాయి. దుబాయ్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర మొదలు మూడింటి దాకా ఎండలో పని చేయించడం నిషేధం. ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం నీడన కూర్చోవడం ఒక హక్కు కాగలదని తెలుసుకోవడానికి తెలుగు మేస్త్రి అరేబియా సముద్రం దాటవలసి వచ్చింది. స్వదేశంలో అదే పని చేస్తే దానికి బద్ధకమని పేరు.

కూలీ ఎంత ఉండాలన్న ప్రశ్నకు ప్రభుత్వం దగ్గర జవాబు లేకపోలేదు. జాతీయ కనీస వేతనం ఎంత ఉండాలో తేల్చడానికి వేసిన అనూప్ సత్పథి కమిటీ 2019లో రోజుకు ₹375 ఉండాలని సిఫారసు చేసింది. తిండి, బట్ట, అద్దె, పిల్లల చదువు లెక్కగట్టి మరీ చెప్పింది. అప్పటిదాకా ఉన్న కనిష్ఠ స్థాయి ₹176. కమిటీ నివేదికను క్షుణ్ణంగా పరిశీలించిన మీదట దాన్ని ₹178 చేశారు. ఆ రెండు రూపాయలు తిండి పద్దులోకి వెళ్ళాలో, చదువు పద్దులోకి వెళ్ళాలో ఎవరూ స్పష్టం చేయలేదు.

కూలీ పెరిగితే ఇళ్ళ ధరలు ఆకాశానికంటుతాయని, నిర్మాణం ఆగిపోతుందని ఒక వాదన ఉంది. దీన్ని పరీక్షించడానికి ప్రయోగశాల అక్కర్లేదు, కేరళ ఉంది. రిజర్వు బ్యాంకు గణాంకాల ప్రకారం 2021-22లో గ్రామీణ నిర్మాణ కూలీ దేశ సగటు రోజుకు ₹373 కాగా కేరళలో ₹837. రెట్టింపుకు పైమాటే. అక్కడ ఇళ్ళు కట్టడం ఆగలేదు. పైగా ఆ కూలీ కోసం ముర్షిదాబాద్ నుంచి మనుషులు రోజుల తరబడి రైల్లో నిలబడి వెళ్తున్నారు. పథకాల వల్ల కదలడం మానేసిన జాతి, ₹800 అనేసరికి దేశాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటేస్తోంది. కొరత ఎక్కడుంది, ఎందుకుంది అనే పరిశోధనకు ఇంతకన్నా ఆధారం అక్కర్లేదు గానీ, పరిశోధన కొనసాగుతూనే ఉంది.

కూలీ తర్వాతి అంశం పనితనం. పరిశ్రమ రెండో ఫిర్యాదు ఇదే: దొరికినవాళ్ళకు పని రాదు. ఇక్కడ ఒక సాంకేతిక విషయం గమనించాలి. పనితనం స్థిరమైన పదార్థం కాదు. వారంలో రోజును బట్టి మారుతుంది. స్లాబ్ పోసే రోజున మేస్త్రి దొరక్కపోతే అతను నిపుణుడు. శనివారం సాయంత్రం డబ్బులు ఇచ్చే వేళకు అతను కూలీ. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని పెద్దలు ఊరికే అనలేదు.

నైపుణ్యం లేదని మస్టర్‌లో రాసే మనిషి నిజంగా చేసే పని ఏమిటో చూస్తే ఈ వర్గీకరణ గొప్పతనం బోధపడుతుంది. భూకంప నిర్మాణ ప్రమాణం ఐఎస్ 13920 ప్రకారం స్తంభం రాడ్ల చుట్టూ వేసే రింగు కొక్కెం 135 డిగ్రీలకు వంగి లోపలి కాంక్రీటును పట్టుకోవాలి. 90 డిగ్రీల దగ్గర ఆపేస్తే చూడ్డానికి రింగు రింగులాగే ఉంటుంది. భూమి కదిలిన రోజున విప్పుకుంటుంది. ఆ 45 డిగ్రీల తేడా ఇంజనీరు గీసిన కాగితం మీద లేదు, రాడ్ బెండర్ మణికట్టులో ఉంది. స్లాబ్ కింద జాకీలు ఎప్పుడు తీయాలో సెంట్రింగ్ మేస్త్రికి తెలియాలి: నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకు 7 రోజులు, దాటితే 14 రోజులని ఐఎస్ 456 చెబుతుంది. బాత్‌రూమ్‌లో నీళ్ళు జాలి వైపు పోవాలా, పడకగది వైపు రావాలా అనేది టైల్స్ వేసే మనిషి వాలు పట్టడాన్ని బట్టి ఉంటుంది. రసమట్టం, మూలమట్టం, తూకపు గుండు పట్టడం ఏ కాలేజీ నేర్పలేదు. మాలు మోస్తూ, ఇటుకలు అందిస్తూ, మేస్త్రి టీ తాగడానికి దిగినప్పుడు అతని తాపీ దొంగతనంగా పట్టుకుని చూస్తూ ఏళ్ళ మీద వచ్చింది. ఈ చదువుకు కంపెనీ ఒక్క రూపాయి ఖర్చు పెట్టలేదు. అందుకే కాబోలు, అది చదువుగా లెక్కకు రాలేదు.

2023 నవంబరు 12న ఉత్తరాఖండ్‌లోని సిల్క్యారా సొరంగం కూలి 41 మంది కార్మికులు లోపల చిక్కుకున్నారు. విదేశీ యంత్రాలు వచ్చాయి, విదేశీ నిపుణులు వచ్చారు, భారీ ఆగర్ యంత్రం దాదాపు చివరిదాకా తవ్వి లోపలి ఇనుముకు చిక్కుకుని విరిగిపోయింది. మిగిలిన పది పన్నెండు మీటర్లను ఢిల్లీ చుట్టుపక్కల నేల కింద పైపులు వేసే కూలీలు, ఎలుక బొరియ తవ్వకం తెలిసినవాళ్ళు, గొట్టంలోకి పాకి, చేతి పనిముట్లతో తవ్వారు. పదిహేడో రోజున 41 మందీ బయటికొచ్చారు. ఆ తవ్వకపు పద్ధతి ప్రమాదకరమని హరిత ట్రిబ్యునల్ 2014లోనే నిషేధించింది. నిషేధించిన పనితనాన్నే దేశం టీవీ ముందు కూర్చుని చూసి చప్పట్లు కొట్టింది. రాష్ట్ర ప్రభుత్వం తవ్వినవారికి ఒక్కొక్కరికి ₹50,000 చెక్కు ఇచ్చింది. వారిలో ఒకరి ఇంటిని 2024 ఫిబ్రవరిలో ఢిల్లీ అభివృద్ధి సంస్థ ఆక్రమణ అని కూల్చివేసింది. కట్టడంలోనే కాదు, కూల్చడంలో కూడా దేశానికి కావలసినంత నైపుణ్యం ఉందని ఆ రోజున రుజువైంది.

పనితనానికి విలువ దేశపు సరిహద్దు దగ్గర ఎలా మారుతుందో 2024 జనవరిలో రోహ్‌తక్‌లో కనిపించింది. పాలస్తీనా కార్మికులను రానివ్వడం మానేసిన ఇజ్రాయెల్‌కు భవనాలు కట్టే మనుషులు కావలసి వచ్చారు. సెంట్రింగ్, రాడ్ బెండింగ్, టైల్స్, ప్లాస్టరింగ్ అనే నాలుగు పనులకు పరీక్షలు పెట్టారు. జీతం నెలకు దాదాపు ₹1.37 లక్షలు. మన దగ్గర లేబర్ అడ్డాలో పొద్దున్నే బేరమాడితే వంద తగ్గే ఆ నాలుగు పనులే. తర్వాత హైదరాబాద్‌లోనూ ఇలాంటి ఎంపికలు జరిగాయి. యుద్ధం జరుగుతున్న దేశానికి వెళ్ళడానికి చలిలో వరసకట్టిన వేలమందిని చూసి, వీళ్ళు సుఖానికి అలవాటు పడ్డారని ఆ నెలలో ఎవరూ అనలేదు. వెళ్ళినవారిలో కొందరికి పని సరిగా రాదన్న ఫిర్యాదులూ వచ్చాయి, వచ్చి తీరాలి. హడావుడిగా ఒక గోడ ముక్కకు పూత వేయించి చూసి విమానం ఎక్కిస్తే అంతకన్నా ఏం జరుగుతుంది? నేర్పడానికి డబ్బు పెట్టని దేశం, నేర్చుకున్నవాడిని ఎగుమతి చేయడానికి మాత్రం తగిన ఏర్పాట్లన్నీ చేసింది.

నేర్పే ఏర్పాటు అసలే లేదనడం అన్యాయం. 2015లో ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన మొదలైంది. అందులో ఇదివరకే పని తెలిసినవాళ్ళను గుర్తించే విభాగం ఒకటుంది. ఇరవై ఏళ్ళుగా గోడలు కడుతున్న మేస్త్రిని కూర్చోబెట్టి, కొద్ది గంటల పరిచయ తరగతి చెప్పి, పరీక్ష పెట్టి, ధ్రువపత్రమూ ₹500 బహుమతీ ఇస్తూ వచ్చారు. ధ్రువపత్రంతో మర్నాడు పనికి వెళ్తే కూలీ ఎంత పెరుగుతుందన్నది పాఠ్యప్రణాళికలో లేదు. 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక ఈ పథకం రికార్డులను తిరగేసింది. దాదాపు 96 లక్షల మంది అభ్యర్థుల వివరాల్లో 94 శాతానికి పైగా బ్యాంకు ఖాతా గడి ఖాళీగానో సున్నాలతోనో ఉంది. నింపిన కొన్నిటిలో వరసగా ఒకట్లు కొట్టిన ఖాతా నంబర్లు కనిపించాయి. వేర్వేరు అభ్యర్థులకు ఒకే ఫొటో ఉన్న ఉదంతాలూ దొరికాయి. ఒకే మొహంతో అనేక రాష్ట్రాల్లో పనితనం సంపాదించిన ఆ అభ్యర్థి ఎవరో గానీ, కొరత తీర్చడానికి అతనొక్కడు చాలు.

నికరంగా చేయి తిప్పించి నేర్పే చోట్లూ ఉన్నాయి. హైదరాబాద్‌లో 1998లో పెట్టిన జాతీయ నిర్మాణ అకాడమీ, న్యాక్, తాపీ, ప్లంబింగ్, ఎలక్ట్రికల్, పెయింటింగ్ నేర్పుతుంది. చిక్కు అక్కడ లేదు. ముప్పయ్యేళ్ళ హెల్పర్ మేస్త్రి కావాలంటే కొన్ని నెలలు కూలీ వదులుకోవాలి. ఆ నెలల అద్దె, బియ్యం, పిల్లల ఫీజు ఎవరు కడతారు? కాంట్రాక్టర్ కట్టడు, నేర్పితే పక్క సైటుకు పోతాడని. పక్క సైటు కాంట్రాక్టరూ అదే కారణంతో కట్టడు. ఇద్దరూ కలిసి సభలు పెట్టి, నైపుణ్యం కొరత గురించి బాధపడతారు.

ఈ కొరతలో సగాన్ని ఒక్క దెబ్బతో తీర్చగలిగిన మనుషులు సైటులోనే ఉన్నారు, తట్ట నెత్తిన పెట్టుకుని. ఆడవాళ్ళు పాతికేళ్ళు పనిచేసినా మాలు కలపడం, ఇటుక మోయడం, గోడలకు నీళ్ళు కొట్టడం దాటి పోరు. తాపీ వాళ్ళ చేతికి రాదు. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. దాన్ని దాటడానికి తేలికైన దారి ఇద్దరికీ వేర్వేరు పనులు పెట్టడం. ఆడవాళ్ళకు గోడ కట్టడం చేతకాదన్న వాదనను జార్ఖండ్‌లో స్వచ్ఛభారత్ మరుగుదొడ్లు కట్టిన రాణీ మిస్త్రీలు ఎప్పుడో కొట్టేశారు. ఆ మరుగుదొడ్లు నిలబడి ఉన్నాయి, వాదన కూడా నిలబడే ఉంది.

భద్రత విషయంలో పరిశ్రమ శ్రద్ధ బోర్డుల మీద బాగా కనిపిస్తుంది. భద్రతే మా ప్రథమ కర్తవ్యం అన్న అక్షరాలు గేటు దగ్గర, ఫ్లాటు కొనడానికి వచ్చేవాళ్ళ కంట పడే ఎత్తులో ఉంటాయి. తెల్ల హెల్మెట్లు ఆఫీసు గదిలో సందర్శకుల కోసం వరసగా వేలాడుతుంటాయి. పదిహేనో అంతస్తు అంచున పరంజా మీద నిలబడ్డ మనిషికి బెల్టు ఉన్నా, దాని కొక్కెం తగిలించడానికి గట్టి తాడు ఉండదు. అతను దాన్ని నడుముకు కట్టుకుని, తనిఖీకి వచ్చినవాళ్ళకు కనిపించేలా తిరుగుతాడు. పడితే నిర్లక్ష్యం అతనిదే.

1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం ఇవన్నీ ఊహించింది. పరంజాలు, వలలు, బెల్టులు, మరుగుదొడ్లు, తాగునీరు, యాభై మందికి మించి ఆడవాళ్ళుంటే పిల్లల గది, 500 మంది ఉంటే భద్రతా కమిటీ. భద్రతా నియమాలు ఉల్లంఘించిన యజమానికి మూడు నెలల దాకా జైలు, లేదా ₹2,000 వరకు జరిమానా, లేదా రెండూ ఉండేవి. జైలు సంగతి అలా ఉంచితే, చదరపు అడుగు పదివేలకు పైన అమ్మే భవనంలో ఆ జరిమానాతో కొనగలిగేది రెండు అరచేతులు ఆనించేంత నేల. ఉల్లంఘన కొనసాగితే రోజుకు మరో ₹100. కొనసాగించడానికి ఇంతకన్నా చవకైన చందా పథకం ఇంకో రంగంలో ఉండేది కాదు.

ఆ చట్టమే కార్మికులకు పని జరిగే చోటో దాని దగ్గరో ఉచితంగా వసతి ఇవ్వాలంది. 2024 మే 7న హైదరాబాద్ బాచుపల్లిలో కడుతున్న అపార్ట్‌మెంటు గోడ భారీ వానకు కూలి, దాన్ని ఆనుకుని వేసిన కూలీల షెడ్ల మీద పడింది. ఏడుగురు చనిపోయారు. వారిలో నాలుగేళ్ళ పిల్లవాడు ఒకడు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కుటుంబాలవి. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లాలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలినప్పుడు ఎనిమిది మంది లోపల ఉండిపోయారు. వారాల తరబడి వెతికితే ఇద్దరి మృతదేహాలు దొరికాయి. ఊరు కదలడం లేదని ఆ నెలలోనే చెన్నైలో నింద మోసిన కూలీలు వీళ్ళే. జార్ఖండ్ నుంచి, పంజాబ్ నుంచి, జమ్మూ నుంచి కదిలి వచ్చారు.

ఇక సంక్షేమం. నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సుగా వసూలై కార్మికుల సంక్షేమ బోర్డుకు చేరుతుంది. ప్లాను మంజూరు దగ్గరే కట్టించుకుంటారు. ఖర్చు చేయడంలో మాత్రం బోర్డులు అపారమైన నిగ్రహం చూపించాయి. 2018 మార్చిలో సుప్రీంకోర్టు జస్టిస్ మదన్ బి. లోకూర్ ధర్మాసనం తీర్పు ఇచ్చేనాటికి ₹37,400 కోట్లకు పైగా వసూలైతే, కార్మికుల కోసం ఖర్చయింది సుమారు ₹9,500 కోట్లు. అంతకుముందు ఏడాది, ఈ సొమ్ముతో ల్యాప్‌టాప్‌లు, వాషింగ్ మెషీన్లు కొన్నారని కాగ్ చెబితే కోర్టు నివ్వెరపోయింది. సిమెంటు మరకల బట్టలు ఉతకడానికే అయి ఉంటాయని సర్దిచెప్పుకోవచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వేళ, బోర్డుల దగ్గర ₹52,000 కోట్లు ఉన్నాయని, వాడండని కేంద్రం రాష్ట్రాలకు రాసింది. డబ్బు దాచిపెట్టడంలోని దూరదృష్టికి అప్పుడు కాస్త మర్యాద దక్కింది.

ఆ డబ్బు అందాలంటే పేరు నమోదై ఉండాలి. నమోదు కావాలంటే గత పన్నెండు నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసినట్టు రుజువు చూపాలి. కూకట్‌పల్లి అడ్డాలో నిలబడే మనిషికి ఇవాళ ఒక యజమాని, రేపు ఇంకొకరు. సాయంత్రం డబ్బులిచ్చి పంపేసిన మనిషి ఫోన్ నంబరు కూడా చాలాసార్లు ఉండదు. రుజువు సంపాదించడానికి తిరిగిన రోజులు పనిదినాల్లో లెక్కకు రావు.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చి, 1996 చట్టం స్థానంలో కొత్త భద్రతా స్మృతి కూర్చుంది. ₹2,000 జరిమానా లక్షల్లోకి పెరిగింది. నిబంధనల ఉల్లంఘన వల్ల ప్రాణం పోతే రెండేళ్ళ దాకా జైలు, లేదా ₹5 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. పెంచిన చేత్తోనే చిన్న వెసులుబాటు కూడా ఇచ్చారు: జరిమానాతో సరిపోయే నేరాలను గరిష్ఠ మొత్తంలో సగం కట్టి కోర్టు గడప తొక్కకుండా రాజీ చేసుకోవచ్చు. పది మంది లోపు పనివాళ్ళున్న పని ముందునుంచీ లెక్కలో లేదు. సొంతానికి కట్టుకునే ఇంటికి మినహాయింపు పరిమితి ఇదివరకు ₹10 లక్షలు, ఇప్పుడు ₹50 లక్షలు. తెనాలిలోనో సిద్దిపేటలోనో ₹49 లక్షలతో లేస్తున్న రెండంతస్తుల ఇంటికి సెస్సూ లేదు, ఈ భద్రతా నియమాలూ లేవు. ఆ ఇంటి పరంజా ఎత్తు మాత్రం ₹51 లక్షల ఇంటి పరంజా ఎత్తే.